స్మారక నాణేలు: ఎవరు ఆమోదిస్తారు, ఎవరు అమ్ముతారు, ఏం చూసి కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

స్మారక నాణెం అంటే అసలేంటి? మామూలు నాణేనికీ దీనికీ తేడా ఏంటి?

ఒక మనిషినో, సంఘటననో, సంస్థనో గుర్తు చేసుకోవడానికి ప్రభుత్వం ప్రత్యేకంగా బొమ్మ వేయించి విడుదల చేసేది స్మారక నాణెం. ఇందులో రెండు రకాలున్నాయి. ఆ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే సగం గందరగోళం వస్తుంది.

మొదటి రకం జనం చేతుల్లో తిరగడానికి వేసేది. సైజు, లోహం, విలువ అన్నీ మామూలు నాణేనివే, బొమ్మ ఒక్కటే మారుతుంది. ఏ రోజో చిల్లరలో మనకే వచ్చేస్తుంది. యూరో దేశాలు 2004 నుంచి వేస్తున్న 2 యూరోల స్మారక నాణేలు ఇలాంటివే, అందులో మొదటిది ఏథెన్స్ ఒలింపిక్స్ కోసం గ్రీసు వేసింది. రెండో రకం సేకరించేవాళ్ల కోసమే తయారయ్యేది. వెండితోనో బంగారంతోనో చేసి, అద్దంలా మెరిపించి, పెట్టెలో పెట్టి, దాని మీద రాసున్న విలువకి ఎన్నో రెట్ల ధరకి అమ్ముతారు. ప్రశ్నలు ఎక్కువగా వచ్చేదీ, జనం మోసపోయేదీ ఈ రెండో రకంతోనే కాబట్టి ఇక్కడ దాని గురించే ఎక్కువ మాట్లాడుకుందాం.

దీన్ని ఆమోదించేది ఎవరు? టంకశాల తనంతట తానే వేసేసుకోవచ్చా?

కుదరదు. టంకశాల ముద్రిస్తుందంతే, ఏది ముద్రించాలో చెప్పేది దాని పైనున్న ప్రభుత్వం. కాకపోతే ఆ చెప్పే పద్ధతి దేశానికో రకంగా ఉంటుంది.

అమెరికాలో అన్నిటికన్నా కష్టం. ప్రతి స్మారక నాణేనికీ పార్లమెంటు, అంటే అక్కడి కాంగ్రెస్, విడిగా ఒక చట్టం చెయ్యాలి. దిగువ సభలో బిల్లు ముందుకు కదలాలంటేనే మూడింట రెండొంతుల మంది, అంటే 290 మంది సభ్యులు, మద్దతుగా సంతకం పెట్టాలన్న నియమం పెట్టుకున్నారు. చట్టం అయ్యాక బొమ్మల మీద రెండు సలహా సంఘాలు అభిప్రాయం చెప్తాయి (అందులో పౌరుల నాణేల సలహా సంఘాన్ని 2003లో పెట్టారు), ఆఖరి మాట మాత్రం ఆర్థిక మంత్రిది. ఇదంతా దాటుకుని బయటికొచ్చే సరికి ఏళ్లు గడుస్తాయి.

బ్రిటన్‌లో 1922 నుంచి రాయల్ మింట్ (అక్కడి ప్రభుత్వ టంకశాల) సలహా సంఘం ఉంది. బొమ్మల్ని అది వడపోసి పంపిస్తుంది, ఆర్థిక మంత్రి సిఫారసు చేస్తారు, రాజు ఆమోదముద్ర వేస్తారు, చివరికి రాజ ప్రకటన వెలువడుతుంది.

భారత్‌లో దీనికి ఆధారం 2011 నాటి నాణేల చట్టం. స్మారక నాణెం అంటే ఏమిటో ఆ చట్టమే నిర్వచించింది, ఏ నాణెం మీదా 1000 రూపాయలకు మించిన విలువ వేయకూడదని కూడా చెప్పింది. ప్రతి స్మారక నాణేనికీ ఆర్థిక శాఖ గెజిట్‌లో విడిగా నియమాలు ప్రచురిస్తుంది. ఓపికుంటే ఒకసారి ఆ గెజిట్ చదవండి, పొడి భాషే అయినా భలే ఉంటుంది: వ్యాసం 44 మిల్లీమీటర్లు, అంచు మీద 200 గాట్లు, వెండి 50 శాతం, రాగి 40, నికెల్ 5, జింకు 5, బొమ్మ వైపు ఏముండాలి, బొరుసు వైపు ఏ అక్షరాలు ఎక్కడుండాలి, అన్నీ అందులో రాసుంటాయి. చేతిలో ఉన్న నాణెం అసలుదో కాదో తేల్చడానికి ఇంతకు మించిన కాగితం ఇంకొకటి లేదు, అమ్మేవాడిచ్చే సర్టిఫికెట్ కూడా దీని ముందు దిగదుడుపే.

ఆమోదించేవాడు, ముద్రించేవాడు, అమ్మేవాడు ఒక్కరే కదా?

ఒక్కోసారి అవును, చాలాసార్లు కాదు. ఈ ముగ్గురినీ విడివిడిగా చూడటం అలవాటైతే మోసపోయే అవకాశం చాలావరకు తగ్గుతుంది.

పెద్ద దేశాల్లో ప్రభుత్వం ఆమోదిస్తుంది, ప్రభుత్వ టంకశాల ముద్రిస్తుంది, అదే అమ్ముతుంది. భారత్‌లో ఆర్థిక శాఖ ఆమోదిస్తే, 2006లో ఏర్పడిన సెక్యూరిటీ ప్రింటింగ్ అండ్ మింటింగ్ కార్పొరేషన్ కింద ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడా టంకశాలలు ముద్రించి, సేకరించేవాళ్లకి అవే అమ్ముతాయి. ఎన్టీఆర్ శతజయంతికి వేసిన 100 రూపాయల నాణెం ఇలాగే వచ్చింది, 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి దాన్ని విడుదల చేశారు.

చిన్న దేశాల సంగతి వేరు. పసిఫిక్‌లో నియూ అనే చిన్న ద్వీప దేశం ఉంది. అక్కడ జనం వాడే డబ్బు న్యూజిలాండ్ డాలర్. కానీ ఆ దేశం పేరుతో స్టార్ వార్స్ బొమ్మల వెండి నాణేలు 2011లో వచ్చాయి, పోకెమాన్ నాణేలైతే అంతకుముందే 2001లో వచ్చాయి. వాటిని నియూలో ముద్రించరు, నియూ వాళ్లు వాడరు, బహుశా చాలామంది చూసి కూడా ఉండరు. దేశం తన పేరునీ, చట్టబద్ధమైన హోదానీ ఇస్తుంది, బదులుగా రాయల్టీ తీసుకుంటుంది. ముద్రణ, ప్రకటనలు, అమ్మకం అన్నీ బయటి సంస్థ చూసుకుంటుంది. కుక్ దీవులు, తువాలు, పలావు లాంటి దేశాల పేర్లతో వచ్చేవి చాలావరకు ఇదే బాపతు. పలావు పేరుతో లూర్ద్ పుణ్యక్షేత్రం నీటి చుక్కని లోపల పెట్టిన నాణెం కూడా వచ్చింది, సోమాలియా పేరుతో గిటార్ ఆకారంలో వచ్చాయి.

ఇవి దొంగ నాణేలా అంటే కాదు, ఆ దేశం ఒప్పుకుంది కాబట్టి చట్టప్రకారం అసలైనవే. కానీ వాటి వెనకున్న ప్రభుత్వ ఆమోదం అంటే ఒక లైసెన్సు ఒప్పందం అని మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆ బొమ్మలు నచ్చితే సంతోషంగా కొనుక్కోండి. ఒక దేశ చరిత్ర కొంటున్నానని మాత్రం అనుకోకండి.

పేరులో "మింట్" అని ఉంటే ప్రభుత్వ సంస్థే కదా?

కాదు. అమెరికాలో 1964లో మొదలైన ఫ్రాంక్లిన్ మింట్ ప్రైవేటు సంస్థ. నియూ నాణేలు వేసే న్యూజిలాండ్ మింట్ కూడా పేరులో దేశం ఉన్నా ప్రైవేటుదే. చిక్కేంటంటే ప్రైవేటు టంకశాల వేసినంత మాత్రాన నాణెం నకిలీ అయిపోదు కూడా. ఫ్రాంక్లిన్ మింట్ పనామా ప్రభుత్వం కోసం అసలైన వెండి బల్బోవా (అక్కడి డబ్బు పేరు) నాణేలు ముద్రించింది, అదే సంస్థ ఏ ప్రభుత్వంతోనూ సంబంధం లేని పతకాలు కూడా కుప్పలుగా అమ్మింది. అందుకే ఎవరు కొట్టారన్నదాని కన్నా ఏ దేశం, ఏ చట్టం కింద జారీ చేసింది అన్నది ముందు అడగాలి.

నాణేనికీ పతకానికీ తేడా ఎలా తెలుస్తుంది?

నాణెం మీద మామూలుగా జారీ చేసిన దేశం పేరు, విలువ రెండూ ఉంటాయి. విలువ లేకపోతే దాదాపుగా అది పతకమే, ఎంత గుండ్రంగా ఉన్నా, ఎంత బంగారంతో చేసినా. ప్రకటనల్లో "అధికారిక స్మారక ముద్ర", "చారిత్రక వెండి బిళ్ళ" లాంటి మాటలు కనబడి, నాణెం అన్న మాట ఎక్కడా లేకపోతే కావాలనే రాయలేదని అర్థం.

ఆమోదం వచ్చాక కూడా ఆగిపోయిన నాణేలున్నాయా?

ఉన్నాయి, అందులో నాకు బాగా నచ్చింది బెల్జియం కథ. వాటర్లూ యుద్ధానికి 200 ఏళ్లు నిండుతున్నాయని 2015లో బెల్జియం ఒక 2 యూరోల స్మారక నాణెం తలపెట్టింది. వాటర్లూ ఉన్నది బెల్జియంలోనే కాబట్టి వాళ్లకి అది సహజంగానే అనిపించింది. కానీ అక్కడ ఓడింది నెపోలియన్. 2 యూరోల స్మారక నాణెం ఏ దేశం వేసినా యూరో ప్రాంతమంతా చెల్లుతుంది, అంటే ఫ్రెంచివాళ్ల జేబుల్లోకి కూడా వస్తుంది. ఫ్రాన్స్ అభ్యంతరం చెప్పింది, బెల్జియం అప్పటికే కొట్టేసిన నాణేలని కూడా పక్కన పెట్టాల్సి వచ్చింది.

అయితే బెల్జియం వాళ్లు ఊరుకోలేదు. యూరో నియమాల్లో ఒక వెసులుబాటుంది: మామూలుగా చెలామణిలో లేని విలువతో నాణెం వేస్తే అది వేసిన దేశంలోనే చెల్లుతుంది, కాబట్టి పక్క దేశం అడ్డు చెప్పడానికి లేదు. వెంటనే రెండున్నర యూరోల నాణెం వేశారు, 70,000. మామూలు నాణేల్లో ఎక్కడా లేని ఆ రెండున్నర విలువ వెనకున్న సంగతి ఇదీ.

సేకరించేవాళ్లకి ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది. యూరో దేశాల 2 యూరోల స్మారక నాణేలకీ, 5, 10, 20 యూరోల వెండి నాణేలకీ హోదా ఒకటి కాదు. మొదటివి అన్ని యూరో దేశాల్లోనూ చెల్లుతాయి, రెండోవి జారీ చేసిన దేశంలోనే.

"లీగల్ టెండర్" అని రాసుంది. అంటే దుకాణంలో ఇచ్చి సరుకులు కొనొచ్చా?

కాగితం మీద చెల్లుబాటు, చేతల్లో కాదు. బ్రిటన్‌లో ఆ మాటకున్న అర్థం చాలా ఇరుకైనది: అప్పు తీర్చడానికి కోర్టులో ఆ నాణేలు జమ చేస్తే, బాకీ కట్టలేదని మీ మీద దావా వేయలేరు, అంతే. దుకాణదారు తీసుకోవాలనీ లేదు, బ్యాంకు తీసుకోవాలనీ లేదు.

ఇది తేలిన తీరు చూడండి. రాయల్ మింట్ 2013 నుంచి 20 పౌండ్ల వెండి నాణేన్ని 20 పౌండ్లకే అమ్మడం మొదలుపెట్టి, తర్వాత 50, 100 పౌండ్లవి కూడా అదే పద్ధతిలో తెచ్చింది. ముఖవిలువకే వస్తోంది, నష్టం లేదు కదా అని జనం ఎగబడ్డారు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, క్రెడిట్ కార్డు మీద నాణేలు కొని, కార్డు పాయింట్లు కొట్టేసి, నాణేలు తీసుకెళ్లి బ్యాంకులో వేసి ఆ డబ్బుతో కార్డు బిల్లు కట్టేశారు! 2016కల్లా బ్యాంకులు వాటిని తీసుకోవడం మానేశాయి. ఇవి చెలామణి కోసం కాదని రాయల్ మింట్ చెప్పేసరికి, సులువుగా మార్చుకోవచ్చనుకుని కొన్నవాళ్ల చేతుల్లో అవి ఉండిపోయాయి. 100 పౌండ్ల నాణెంలోని వెండి ఆనాటికి 100 పౌండ్లకు ఏ మూలకీ రాదు. అమెరికాలోనూ 1 డాలర్ నాణేలతో ఇదే క్రెడిట్ కార్డు ఆట నడిచింది, 2011లో కార్డు చెల్లింపులు ఆపేస్తే గానీ ఆగలేదు.

నాణెం మీద రాసిన విలువ, అందులోని బంగారం విలువ కన్నా అంత తక్కువ ఎందుకు పెడతారు?

ఎక్కువ పెడితే ఏమవుతుందో జపాన్‌కి బాగా తెలుసు. హిరోహితో చక్రవర్తి 60 ఏళ్ల పాలనకి గుర్తుగా 1986లో 20 గ్రాముల స్వచ్ఛమైన బంగారంతో లక్ష యెన్ల నాణెం వేశారు. అందులోని బంగారం ఖరీదు చూస్తే సుమారు 40 వేల యెన్లే. అంటే ఎవడైనా అసలు బంగారంతోనే, అదే బరువుతో నకిలీ కొట్టినా నాణేనికి 60 వేల యెన్ల లాభం! నకిలీకి ఇంతకన్నా మంచి అవకాశం ఎక్కడుంటుంది? 1990లో సంగతి బయటపడేసరికి విదేశాల నుంచి లక్షకు పైగా నకిలీ నాణేలు దేశంలోకి వచ్చేసున్నాయి. ఈ నకిలీలు కూడా బంగారమే కావడంతో లోహాన్ని చూసి పట్టుకునే దారి లేకపోయింది.

అందుకే మామూలుగా ముఖవిలువని లోహం విలువకి బాగా కిందే ఉంచుతారు. కెనడా 2007లో 100 కిలోల బంగారు నాణెం చేసి దాని మీద 10 లక్షల డాలర్లని రాసింది, బంగారం విలువ దానికన్నా ఎంతో ఎక్కువ. (వాటిలో ఒకదాన్ని 2017లో బెర్లిన్ మ్యూజియం నుంచి దొంగలు ఎత్తుకుపోయారు. వాళ్లు మాత్రం ముఖవిలువ చూసుకుని పోలేదు.)

మరి అమ్మే ధర ఎలా కడతారు?

లోహం ఖర్చు, ముద్రణ కూలి, పెట్టె, ప్రకటనలు, టంకశాల లాభం, పన్ను. కొన్ని దేశాల్లో దీని మీద సర్‌చార్జి కూడా ఉంటుంది. అమెరికాలో ఈ సర్‌చార్జిని చట్టంలోనే రాస్తారు, మామూలుగా 5 డాలర్ల బంగారు నాణేనికి 35 డాలర్లు, వెండి డాలరుకి 10, అర డాలరుకి 5. ఈ డబ్బు చట్టంలో పేరున్న సంస్థకి వెళ్తుంది, ఏ మ్యూజియానికో, స్మారక నిధికో. అంటే మీరు కొనేటప్పుడు అందులో కొంత విరాళం ఇస్తున్నట్టే. తిరిగి అమ్మేటప్పుడు ఆ విరాళాన్ని ఎవరూ వెనక్కివ్వరు.

ఈ సర్‌చార్జి వ్యవహారంలో అవకతవకలు జరగలేదా?

బాగానే జరిగాయి, అసలు అమెరికాలో నియమాలు అంత బిగుసుకుపోవడానికి కారణమే అది. అక్కడి మొదటి స్మారక నాణెం 1892లో షికాగో ప్రదర్శన కోసం వచ్చిన కొలంబస్ అర డాలర్, దాన్ని 1 డాలర్‌కి అమ్మారు. మిగిలిపోయినవి బోలెడన్ని చివరికి మామూలు అర డాలర్లుగా జనంలోకి వెళ్లిపోయాయి.

1930లలో పరిస్థితి చేయి దాటిపోయింది. ఆ రోజుల్లో చట్టం చేయించుకున్న సంఘమే నాణేలని టంకశాల నుంచి ముఖవిలువకి తీసుకుని తనకి నచ్చిన ధరకి అమ్ముకునేది. ఒకే బొమ్మని ఏడాది మార్చి, టంకశాల గుర్తు మార్చి మళ్లీ మళ్లీ కొట్టించేవాళ్లు. సేకరించేవాడికి వరస పూర్తి కావాలంటే అన్నీ కొనాల్సిందే మరి. ఆరెగాన్ ట్రెయిల్ అర డాలర్ 1926లో మొదలై 1939 దాకా వస్తూనే ఉంది. సిన్సినాటి నాణెం మరీ విచిత్రం: ఆ ఊరు సంగీత కేంద్రంగా వెలుగుతూ 50 ఏళ్లయిందని 1936లో వేశారు, కానీ 1886లో అక్కడ చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. దాని వెనకున్నది నాణేలంటే మోజున్న ఒక వ్యక్తి. మూడు టంకశాలల నాణేలు కలిపిన సెట్లు 5,000 మాత్రమే వేయించి, తీరా జనం అడిగేసరికి అయిపోయాయన్నారు, బయట రేటు అమాంతం పెరిగిపోయింది. ఇవన్నీ చూసి కాంగ్రెస్ 1939లో పాత అనుమతులని రద్దు చేసింది. 1954 తర్వాత స్మారక నాణేలే ఆగిపోయి, జార్జి వాషింగ్టన్ 250వ జయంతికి 1982లో మళ్లీ మొదలయ్యాయి.

అప్పటికైనా బుద్ధొచ్చిందా అంటే, 1996 అట్లాంటా ఒలింపిక్స్ పేరుతో రెండేళ్లలో 16 రకాల నాణేలు, ఒక్కోటి రెండు రకాల మెరుగుల్లో గుమ్మరించారు. చాలావాటికి గిరాకీయే లేదు. ఆ ఏడాదే చట్టం మార్చారు: 1999 నుంచి ఏడాదికి రెండే స్మారక అంశాలు, టంకశాల ఖర్చు రాబట్టుకున్నాకే సర్‌చార్జి ఇవ్వాలి, తీసుకునే సంస్థ కూడా అంత సొమ్మునీ విడిగా విరాళాల్లో సేకరించి చూపించాలి.

"పరిమిత సంఖ్య" అని రాస్తారు కదా, అది నమ్మొచ్చా?

సంఖ్య ఎంతో రాసుంటేనే. "పరిమితం" అన్నది ఒట్టి మాటే, 5,000 కూడా పరిమితమే, 50 లక్షలు కూడా పరిమితమే. "30 రోజుల్లో వచ్చిన ఆర్డర్ల మేరకే" అంటే సంఖ్యకి పరిమితి లేదని అర్థం, రోజులకి మాత్రమే ఉందని. ఇంకో ఎత్తు కూడా ఉంది. మొత్తం నాణెం 2 లక్షలు వేసి, అందులో ఎర్ర పెట్టెలో పెట్టినవి 5,000 అని చెప్పి ఆ 5,000నే పెద్దక్షరాల్లో రాస్తారు. అరుదైనది పెట్టె, నాణెం కాదు.

"ఒక్కరికి ఐదు మాత్రమే" అన్నది కూడా రెండు రకాలుగా వాడతారు. నిజంగా గిరాకీ ఎక్కువున్నప్పుడు టంకశాలలు ఇంటికిన్ని అని పెడతాయి, వ్యాపారులు మొత్తం ఊడ్చుకుపోకుండా. అదే మాట ఎవరికీ అక్కర్లేని పూత బిళ్ళ ప్రకటనలో కనబడితే, అది మిమ్మల్ని తొందరపెట్టడానికి.

ప్రకటనల్లో ఇంకా ఏ మాటల దగ్గర జాగ్రత్తపడాలి?

"24 క్యారెట్ల బంగారంతో అలంకరించినది." పూత అని చదువుకోండి. ఆ పూత ఎంత పల్చనంటే దాన్ని గీకి తీసినా తూకానికి రాదు. పైన పటారం లోన లొటారం అన్నది ఇలాంటివాటి కోసమే పుట్టిందేమో.

"మొదటిది నామమాత్రపు ధరకి." ఇది చందా ఉచ్చు. మొదటి నాణెం తక్కువకే వస్తుంది, కింద సన్న అక్షరాల్లో మిగతావి నెలనెలా పంపిస్తామనీ, వద్దనుకుంటే మీరే తిప్పి పంపాలనీ ఉంటుంది. కార్డు నంబరు వాళ్ల దగ్గరుంటుంది కాబట్టి డబ్బులు పోతూనే ఉంటాయి.

"ప్రభుత్వ గుర్తింపు పొందిన పంపిణీదారు." అసలు టంకశాల వెబ్‌సైట్‌లో ఆ పేరుందో లేదో చూడండి, రెండు నిమిషాల పని.

ప్రభుత్వం ఆమోదించిందని చెప్పి, అసలు ఆమోదమే లేనివి అమ్మిన సందర్భాలున్నాయా?

2004 నాటి "ఫ్రీడమ్ టవర్ వెండి డాలర్" కథ చూడండి. న్యూయార్క్ జంట భవనాలు కూలిన చోట దొరికిన వెండితో చేసిందనీ, ప్రభుత్వం అధికారికంగా జారీ చేసిన డాలర్ అనీ టీవీలో ఊదరగొట్టి 19.95 డాలర్లకి ఒక ప్రైవేటు సంస్థ అమ్మింది. జారీ చేసిన ప్రభుత్వం ఏదయ్యా అంటే పసిఫిక్‌లోని ఉత్తర మరియానా దీవులు. ఆ దీవులు అమెరికా అధీనంలో ఉన్నవి, వాటికి సొంతంగా నాణేలు జారీ చేసే అధికారమే లేదు. వెండి అన్నది కూడా పైపూతే. ఇది తమ నాణెం కాదని అమెరికా టంకశాల జనాన్ని హెచ్చరించింది, న్యూయార్క్ అటార్నీ జనరల్ కోర్టుకెళ్లి అమ్మకాలు ఆపించారు.

ప్రకటన ఎంత తెలివిగా కట్టారో గమనించండి. వెండి ఉంది, పూతగా. ప్రభుత్వం ఉంది, అధికారం లేనిది. విలువ కూడా ముద్రించారు, ఎక్కడా చెల్లనిది. ఒక్కో ముక్కా విడిగా నిజంలాగే వినిపిస్తుంది. దుఃఖంలో ఉన్న జనానికి ఆ ముక్కల్ని విడదీసి చూసే ఓపిక ఎక్కడిది?

సర్టిఫికెట్ ఉంటే అసలైనదే కదా?

సర్టిఫికెట్ కింద సంతకం ఎవరిదో చూడండి. జారీ చేసిన టంకశాలదైతే దానికి విలువుంది. అమ్మిన సంస్థదే అయితే, నా సరుకు మంచిదని నేనే రాసిచ్చినట్టు.

బతికున్నవాళ్ల బొమ్మ వేయొచ్చా?

రాజులూ రాణులూ ఉన్న దేశాల్లో అది మామూలే. అమెరికాలో ఆనవాయితీ కాదు గానీ జరిగింది: అప్పటి అధ్యక్షుడు కూలిడ్జ్ 1926లోనూ, స్పెషల్ ఒలింపిక్స్ స్థాపించిన యూనిస్ కెనెడీ ష్రైవర్ 1995లోనూ బతికుండగానే నాణెం మీదకెక్కారు.

ప్రూఫ్, అన్‌సర్క్యులేటెడ్ అంటే ఏంటి?

ప్రూఫ్ అంటే మెరుగుపెట్టిన బిళ్ళని, మెరుగుపెట్టిన అచ్చులతో ఒకటికి రెండుసార్లు కొట్టినది. నేపథ్యం అద్దంలా, బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా ఉంటుంది. అన్‌సర్క్యులేటెడ్ అంటే ఎవరి చేతుల్లోనూ తిరగనిది. రెండూ తయారీ గురించి చెప్పే మాటలే, అరుదు అన్న అర్థం వాటిలో లేదు.

రంగులేసిన నాణేలు అధికారికమేనా?

టంకశాలే రంగువేసి విడుదల చేస్తే అధికారికమే. కానీ మామూలు నాణేలు కొని, వాటికి బయట రంగు అద్ది, "అసలైన ప్రభుత్వ నాణెం" అని అమ్మేవాళ్లే ఎక్కువ. లోపలున్నది నిజంగానే ప్రభుత్వ నాణెం కాబట్టి అబద్ధం చెప్పినట్టూ కాదు. సేకరించేవాళ్ల లెక్కలో మాత్రం అది పాడైపోయిన నాణెం.

దాచుకుంటే ధర పెరుగుతుందా?

అందరూ ముందు అడగాలనుకుని చివర్లో అడిగే ప్రశ్న ఇదే. చాలావరకు పెరగదు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న మాట ఈ వ్యాపారానికి అచ్చంగా సరిపోతుంది. ప్రభుత్వ ఆమోదం అది నాణెమని చెప్తుంది, అంతకు మించి ధర గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు.

ఎందుకంటే గిరాకీ బాగున్న నాణేన్ని అందరూ కొని, అందరూ జాగ్రత్తగా దాస్తారు. పాడయ్యేవి లేవు, పోయేవి లేవు, ఇరవై ఏళ్ల తర్వాత కూడా అన్నీ పెట్టెల్లో కొత్తవాటిలా బయటికొస్తాయి. 1982 నాటి వాషింగ్టన్ అర డాలర్లు దాదాపు 70 లక్షలు అమ్ముడుపోయాయి, ఇప్పుడు అవి చాలావరకు అందులోని వెండి ధరకి అటూ ఇటూగా దొరుకుతాయి. ఎవరూ పట్టించుకోని నాణెం సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. 1997లో బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్ పేరుతో వచ్చిన 5 డాలర్ల బంగారు నాణెం అన్‌సర్క్యులేటెడ్ రకం 5,174 మాత్రమే అమ్ముడుపోయింది. ఆనాడు గిరాకీ లేదు కాబట్టే తర్వాత దాని ధర బంగారం విలువని దాటి ఎక్కడికో వెళ్లింది. కానీ ఏది అమ్ముడుపోదో ముందే కనిపెట్టి కొనడం ఎవరి వల్ల అవుతుంది?

చిల్లరలో తిరిగే నాణేల్లోనూ ఇలాంటివి ఒకటీ అరా ఉన్నాయి. లండన్‌లోని ఉద్యానవనం క్యూ గార్డెన్స్ పేరుతో బ్రిటన్ 2009లో వేసిన 50 పెన్నీల నాణెం 2,10,000 మాత్రమే చెలామణిలోకి వెళ్లింది, దానికి ఇప్పుడు ముఖవిలువకి ఎన్నో రెట్లు ఇస్తారు. తమ యువరాణి గ్రేస్ కెల్లీ బొమ్మతో మొనాకో 2007లో వేసిన 2 యూరోలది 20,001 మాత్రమే, దాని ధర వేల యూరోల్లో ఉంటుంది. ఇవి ఉదాహరణలు కావు, మినహాయింపులు. వీటి పేరు చెప్పి మీకు వేరేది అమ్మజూస్తే లేచి రావడం మంచిది.

నా దగ్గర వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయల నాణెం ఉంది. లక్షలు ఇస్తారంటున్నారు, నిజమేనా?

కాదు. అవి చెలామణి కోసం పెద్ద సంఖ్యలో వేసినవి. ఇలాంటి మెసేజ్‌ల వెనకున్న పద్ధతి ఎప్పుడూ ఒకటే: మీ నాణేనికి 5 లక్షలిస్తామంటారు, ఫొటో పంపమంటారు, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు, పన్ను, కమిషన్ అంటూ మీ దగ్గరే గుంజుతారు. రిజర్వు బ్యాంకు పేరునీ, గుర్తునీ కూడా వాడేస్తుండటంతో, తమకి ఇలాంటి వ్యవహారాలతో సంబంధం లేదనీ, ఎవరికీ ఫీజులు కట్టొద్దనీ ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. కొనేవాడు అమ్మేవాడిని ముందు డబ్బు కట్టమంటే అది కొనుగోలు కానే కాదు.

సరే, ఇష్టంతోనే కొంటాను. చేతికొచ్చాక ఏం చూడాలి?

ముందు కంటితో. జారీ చేసిన దేశం పేరు, విలువ, ఏడాది, టంకశాల గుర్తు ఉన్నాయా, అధికారిక ప్రకటనలో ఉన్న బొమ్మతో అక్షరం అక్షరం సరిపోతున్నాయా. తర్వాత బరువు. చిన్న ఎలక్ట్రానిక్ తూకం మీద పెడితే ప్రకటించిన బరువుకి వెంట్రుకవాసి తేడాలో రావాలి. వెర్నియర్‌తో వ్యాసం, దళసరి కొలవండి. నకిలీ చేసేవాడికి బరువు, సైజు రెండూ ఒకేసారి కుదిరించడం కష్టం, ఎందుకంటే వెండికన్నా తేలికైన చవక లోహం వాడితే, వెండి బరువు రావడానికి దళసరి పెంచాల్సిందే. అంచుని భూతద్దం కింద తిప్పి చూడండి. పోతపోసిన నకిలీల్లో గాట్ల మధ్య సన్నటి గీతలాంటి అతుకు కనిపిస్తుంది, టంకశాల గాట్లు మాత్రం పదునుగా, ఒకే ఎడంతో ఉంటాయి.

ప్రూఫ్ నాణెం అయితే ప్లాస్టిక్ డబ్బీలోంచి తీయకుండానే ఇవన్నీ ఎంతవరకు కుదిరితే అంతవరకే చేయండి. తీయక తప్పకపోతే అంచులు పట్టుకుని తీయాలి, ముఖం మీద వేలు పడిందంటే ఆ ముద్ర కొన్నేళ్లకి మరకై కూర్చుంటుంది.

నల్లబడితే తోమొచ్చా?

వద్దు. చింతపండు వద్దు, పళ్లపొడి వద్దు, వెండి పాలిష్ అసలే వద్దు.